రేవుపాళెం వెండి పడవ

సూళ్లూరుపేట స్టేషనుకి ఎదురుగా, మందుల షాపు పైన కరుణాకుమారి ఆఫీసు. ప్రైవేటు డిటెక్టివ్ అన్న బోర్డు చూసి మెట్లెక్కేవాళ్ళలో ముప్పాతిక మంది పెళ్ళి సంబంధాల వాకబు కోసమే వస్తారు. అందుకని ఆ శనివారం పొద్దున ఒక ఆడమనిషి ఆయాసపడుతూ పైకి రాగానే, అసిస్టెంటు సుధాకర్ అలవాటు కొద్దీ “పెళ్ళికొడుకుది ఏ ఊరు?” అని అడిగేశాడు. ఆమె బావురుమంది. నాలిక కరుచుకోవడం సుధాకర్‌కి కొత్తేమీ కాదు గాని, ఈసారి గట్టిగానే కరుచుకున్నాడు.

ఆమె పేరు ఫ్లోరా, ఊరు చిల్లకూరు. ఆమె తమ్ముడు బెన్హర్ కరెంటు పని చేస్తాడు. రేవుపాళెంలో పాత తాలూకా ఆఫీసుని ఊరి మ్యూజియంగా మారుస్తున్నారంటే అక్కడ వైరింగు పని ఒప్పుకున్నాడు. నిన్న మధ్యాహ్నం అతను భోజనానికి పోయిన సమయంలో అక్కడి అద్దాల పెట్టెలోంచి వెండి పడవ మాయమైంది. పెట్టె వెనక పలకకున్న మరలు ఎవరో విప్పారు. విప్పిన స్క్రూడ్రైవరు బెన్హర్‌ది. ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా వస్తువు తెచ్చి ఇవ్వకపోతే కేసు కడతానని ఎస్సై చెప్పేశాడట.

“వాడికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చుండాది మేడం. ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి తెచ్చుకున్నాడు. పోలీసు ఎంక్వయిరీ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు కేసు పడితే అదీ పాయె, వాడూ పాయె.”

కరుణాకుమారి ఆమెకి మంచినీళ్ళు ఇచ్చి, తాగేదాకా ఆగింది. ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ జుట్టు నెరిసిన మనిషి. ఏడ్చేవాళ్ళని తొందరపెట్టదు.

“మీ తమ్ముడు తీసినాడా ఫ్లోరా?”

“లేదు మేడం.”

“ఎట్టా తెలుసు?”

“వాడు అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి. నిన్న వాడి మొహమంతా తెల్లగా పాలిపోయుండాది.”

కరుణాకుమారి కారు తాళం తీసుకుంది. సుధాకర్ మనసులో మాత్రం, మొహం రంగుని బట్టి కేసులు ఒప్పుకుంటే మనం బాగుపడ్డట్టే అనుకున్నాడు.

సుధాకర్‌ది ముత్తుకూరు. పుట్టినప్పటినించి ఓడరేవు క్రేన్లూ, కరెంటు కంపెనీల పొగ గొట్టాలూ చూసి పెరిగినవాడు కనక, ఊరంటే అట్లా ఉండాలని అతని నమ్మకం. రొయ్యల గుంటలు దాటి, కాలవ వంతెన ఎక్కి రేవుపాళెంలో దిగగానే పెదవి విరిచాడు. ఒక్కటే బజారు. దానికి ఒక చివర చర్చి, రెండో చివర పులికాట్ సరస్సు.

కాని ఆ ఒక్క బజారునీ ఏమని చెప్పను! కాలవ మీద ఉప్పు పడవలూ కట్టెల పడవలూ మద్రాసు దాకా నడిచిన కాలంలో ఇది తాలూకా కేంద్రం. కోర్టు, ఖజానా, సబ్‌జైలు, అన్నీ ఉండేవి. తర్వాత రైలు సూళ్లూరుపేట మీదుగా పోయింది. దాని వెనకే తాలూకా పోయింది, కోర్టు పోయింది. ఇంకో ఊరైతే ఏడ్చి ఊరుకునేది. రేవుపాళెం ఏడవలేదు, ఉన్నవాటిని వాడుకుంది. కోర్టు వరండాలో ఇప్పటికీ సాయంత్రం పూట పెద్దలు కూర్చుని తగువులు తీరుస్తారు, ఫీజు లేదు. సబ్‌జైలు పిల్లల లైబ్రరీ అయింది. ఊచలు తియ్యలేదేమని అడిగితే, పుస్తకాలు పారిపోకుండా అంటుంది ప్రేమలీల టీచరు. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ తమది తాలూకా అనే చెప్పుకుంటారు, నవ్వేవాళ్ళని చూసి వాళ్ళూ నవ్వుతారు.

తాలూకా ఆఫీసు మెట్ల మీద మ్యూజియం కమిటీ అధ్యక్షుడు కామాక్షయ్య ఎదురొచ్చాడు. ఆ ఆఫీసులోనే గుమాస్తాగా చేరి, పెద్ద హోదాలో రిటైరైన మనిషి. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా. ఆయన బజారులో నడిస్తే సైకిళ్ళు దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఊరి చరిత్ర ఆయనకి నోటికొచ్చు. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

గుమ్మం దాటుతూ కరుణాకుమారి ఒక్క క్షణం ఆగి కిందికి చూసింది. గడపకి ఎడమ పక్క, గోడవారగా ఒక ఇత్తడి చెంబు ఉంది. నిండా నీళ్ళు. ఎస్సై ఏదీ ముట్టుకోవద్దన్నాడని ఎవరూ దాన్ని కదిలించలేదు. సుధాకర్ కాలు తగలకుండా పక్కకి తప్పుకుని లోపలికెళ్ళాడు.

పడవ కథ అడగ్గానే కామాక్షయ్య ఉబ్బిన కళ్ళల్లో వెలుగొచ్చింది. తాతల కాలంలో ఒక తుఫానుకి సరస్సు ఊరి మీదికి వచ్చేసిందట. జనం ఈ ఆఫీసు మిద్దె మీదికెక్కి రెండు రోజులు అరిచారట. సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లెకారులూ కాలవ పడవలవాళ్ళూ తమ ఇళ్ళు కొట్టుకుపోతున్నా లెక్క చెయ్యకుండా పడవలేసుకుని వచ్చి అందరినీ దించారట. ఎవరు ఏ కులం, ఎవరు ఏ మతం అని ఆ పూట ఎవరూ అడగలేదు. ఊరు కోలుకున్నాక మూరెడు పొడవు వెండి పడవ చేయించి వాళ్ళకి బహుమానంగా ఇచ్చింది. మాకొక్కళ్ళకే ఎందుకు, అందరిదీ చేసి ఇక్కడే పెట్టండి అన్నారట వాళ్ళు. అప్పటినించి అది ఆఫీసులోనే ఉండిపోయింది.

“ఆ తుఫానుతోనే ఇంకో ఆచారం మొదలైందమ్మా,” అన్నాడు కామాక్షయ్య. “సరస్సులో పోయినవాళ్ళు ఉప్పునీళ్ళు మింగి పోయినారు కదా. పాడె బజారులోకి తిరిగి డప్పు వినపడంగానే, ఇంటింటికీ గడప ముందర చెంబుతో మంచినీళ్ళు పెడతాం. పాడె దాటినాక దాని ఎనకాలే వీధిలో వొలకబోస్తాం. హిందువులు, క్రైస్తవులు, అందరం. ఇళ్ళకైతే కుడి పక్కన. సర్కారు ఆఫీసుకి మాత్రం ఎడమ పక్కన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పని నాకే చెప్పేవాళ్ళు.”

“అయితే నిన్న కూడా ఎవరో పోయినారా?”

“పల్లెకారుల్లో ముత్యాలయ్య అని ఉన్నాడు, అతని తమ్ముడు. గాలికి పడవ బోల్తాపడింది.” ఆయన గొంతు తగ్గింది. “నాకు తలనొప్పిగా ఉండి ఇంట్లో పడుకున్నా. పాపం, చూడను కూడా లేదు.”

అద్దాల పెట్టె గది మధ్యలో ఉంది, దాని వెనక గోడకి కాలవ వైపు తెరుచుకునే ఇంకో తలుపు ఉంది. పెట్టెకి తాళం వేసినట్టే ఉంది, వెనక పలక మాత్రం ఊడింది. తాళంచెవి ఒక్కటే, అది తన దగ్గరే ఉందని కామాక్షయ్య జేబు తట్టి చూపించాడు. పెట్టెలో పరిచిన తెల్ల గుడ్డ మీద పడవ ఆనిన చోట పచ్చటి మరక ఉంది. కరుణాకుమారి సుధాకర్‌ని పిలిచి చూపించింది. మురికి మేడం, ఉతికించాలి అన్నాడు సుధాకర్. ఆమె సరేనంది.

తర్వాత ఒక్కొక్కళ్ళనీ పలకరించింది. కాపలాదారు మస్తానయ్య మెట్ల మీదే దొరికాడు.

“తలుపుకి తాళం ఎందుకు వెయ్యలేదు?”

“పగటిపూట తాళమేంది తల్లీ? ఈ ఊళ్ళో ఎవురూ ఎయ్యరు. ఆ అబ్బయ్యకి కూడా నేనే చెప్పినా, గడియ పెట్టి పో చాలని.”

“ఆ చెంబు?”

“నాదే. లోపల కుండ కాడ ఉంటాది. నేను రేవు కాడ్నించి పాడె ఎనకాలే నడిచినా గదా, టీచరమ్మ పెట్టుంటాది.”

ప్రేమలీల టీచరు కమిటీకి కార్యదర్శి. డప్పు వినపడినప్పుడు తాను బడిలో ఉన్నాననీ, బడి గడప ముందు నీళ్ళు పెట్టి పిల్లలని నిలబెట్టాననీ, ఆఫీసు చెంబు మస్తానయ్యే పెట్టాడనుకున్నాననీ చెప్పింది. మీరే పెట్టి ఉంటే ఎక్కడ పెట్టేవారని కరుణాకుమారి అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి గడపకి కుడి పక్క చూపించింది. ఇంకో సంగతి కూడా తనే కదిపింది. కామాక్షయ్య గారు ఏటా పిల్లలని పిలిచి పడవని చేతుల్లో పెట్టేవారట. నెల రోజుల నించి తాళం తియ్యడం లేదట. సోమవారం నెల్లూరు నించి పాత వస్తువుల నిపుణుడు వస్తున్నాడు, ఆయన్ని రమ్మని కబురు పెట్టింది కూడా కామాక్షయ్య గారే కదా, జాగ్రత్త కోసమేమో అని తనే సర్ది చెప్పుకుంది.

బజారులో సమాధానం అనే అతని టీ కొట్టు ఆఫీసుకి బాగా దూరం. బెన్హర్ నిన్న అక్కడే ఉన్నానంటున్నాడు.

“ఉన్నాడు మేడం,” అన్నాడు సమాధానం. “డప్పులు ఇనపడినప్పటినించి పాడె దాటిందాకా నా పక్కనే. ఏందన్నా, అందరూ చెంబులు పెడతా ఉండారు అని అడిగినాడు. చెప్పినా. శానా బాధపడి, చెంబు నా చేతిలోంచి తీసుకోని వాడే నీళ్ళు వొలకబోసినాడు.”

“ఎస్సైకి చెప్పలేదా?”

“చెప్పినా. ముందు యాడుండాడు, తర్వాత యాడుండాడు అన్నారు. నాకెట్టా తెలస్తాది?”

సుధాకర్ కూడా ఎస్సై లాగే తొందరపడి దొంగని తేల్చేశాడు. కాకపోతే అతని దొంగ ముత్యాలయ్య. తమ తాతలకిచ్చిన పడవని ఒక్కసారి తమ పాళేనికి తీసుకుపోతామని ముత్యాలయ్య కిందటేడు అడిగాడనీ, కమిటీ కాదందనీ మస్తానయ్య నోట విన్నాడు. నిన్న పాడె మోసింది ముత్యాలయ్యే గదా అని కరుణాకుమారి గుర్తు చేస్తే, ఎవరినైనా పంపి ఉండొచ్చని వాదించాడు. తమ్ముడి శవం భుజాన పెట్టుకుని దొంగతనం పురమాయించే మనిషిని నువ్వు చూశావా అని ఆమె మెల్లగా అడిగింది. సుధాకర్ ముత్తుకూరులో కూడా అట్లాంటివాణ్ణి చూడలేదు. సిగ్గుపడ్డాడు.

నాలుగింటికి పాత కోర్టు హాల్లో అందరూ చేరారు. ఎస్సై కాగితాలతో సిద్ధంగా వచ్చాడు. బెన్హర్ అక్క పక్కన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ముత్యాలయ్య మైలలో ఉన్నానని లోపలికి రాకుండా వరండాలో గుమ్మం పక్కన చతికిలబడ్డాడు.

“బెన్హర్‌నే ఎందుకు అనుమానించినారు సార్?” అని కరుణాకుమారి ఎస్సైని అడిగింది.

“ఇన్నేళ్ళుగా తలుపు తాళం కూడా లేని చోట ఊరివాళ్ళెవరూ తియ్యనిది, బయటినించి ఒకడు రాగానే పోయింది. ఇంకేం ఆలోచించాలి మేడం?”

“నేనూ అక్కడినించే మొదలుపెట్టినా. తీసింది ఊరి మనిషా, బయటి మనిషా? దానికి జవాబు గడప దగ్గరే ఉంది.” ఆమె అందరినీ ఒకసారి చూసింది. “ఆఫీసు ముందు చెంబు ఎవరు పెట్టినారు? మస్తానయ్య టీచరు గారనుకున్నాడు. టీచరు గారు మస్తానయ్యనుకున్నారు. ఈ ఊళ్ళో పాడె పోతుంటే గడప ముందు నీళ్ళు లేకపోతే వింత గాని, ఉంటే వింత కాదు. అందుకే ఎవరూ అడగలేదు. ఆ చెంబు ఉండేది లోపల కుండ దగ్గర. అంటే డప్పు వినపడినప్పుడు లోపల ఒక మనిషి ఉన్నాడు.”

హాలులో చిన్న కలకలం లేచింది.

“అప్పుడు బెన్హర్ టీ కొట్టు దగ్గర ఉన్నాడు. నీళ్ళెందుకో కూడా తెలీని పిల్లోడు. సరే, లోపల ఉన్న మనిషి దొంగే ఎందుకు కావాలి? మంచికి వచ్చినవాడైతే, పాడె దాటినాక బయటికొచ్చి నీళ్ళు వొలకబోస్తాడు. చెంబు ఇప్పటికీ నిండుగానే ఉంది. తలుపు ఓరగా తీసి, చెయ్యి మాత్రం బయటపెట్టి చెంబుని ఉంచినాడు. జనానికి కనపడకూడదు కనక బయటికి రాలేదు. కాలవ వైపు తలుపు గుండా పోయినాడు.” ఆమె గొంతు ఇంకొంచెం తగ్గింది. “చేతిలో దొంగ వస్తువు ఉంది. పట్టుబడితే పరువు పోతుంది. అయినా సరస్సులో పోయిన మనిషిని నీళ్ళు చూపించకుండా పంపలేకపోయినాడు. నేను చాలామంది దొంగల్ని చూసినా. ఇట్లాంటి తప్పు చేసినవాణ్ణి చూడలేదు.”

పొద్దున తాను పెదవి విరిచిన ఊరేనా ఇది అనిపించింది సుధాకర్‌కి.

“టీచరు గారు పెట్టి ఉంటే కుడి పక్కన పెట్టేవారు. ఇది ఎడమ పక్కన ఉంది. ఆఫీసుకి ఎడమ పక్కనే పెట్టాలన్న అలవాటు, ఆ ఆఫీసులో పనిచేసిన చేతికే ఉంటుంది. ఇంకొకటి. పెట్టె తాళంచెవి ఉన్న మనిషి, తాళం తీస్తే తన పేరే బయటికొస్తుందని పలక విప్పుతాడు.” ఆమె కామాక్షయ్య వైపు తిరిగింది. “మీకు నిన్న తలనొప్పి లేదు కదండీ?”

ఎవరూ నమ్మలేదు. మస్తానయ్య అయితే లేచి నిలబడి, తప్పు మాట్లాడొద్దు తల్లీ అన్నాడు. కామాక్షయ్య అతన్ని చేత్తో వారించి, నెమ్మదిగా లేచి ఇంటికెళ్ళాడు. సుధాకర్‌ని తోడు పంపారు. దేవుడి గదిలో, పటాల వెనక, పట్టుపంచెలో చుట్టి ఉంది పడవ. తెచ్చి ఎస్సై ముందు బల్ల మీద పెట్టాడు.

“దొరికింది కదమ్మా,” అన్నాడు చాలా చిన్న గొంతుతో. “ఆ పిల్లోణ్ణి వదిలేయండి. ఎందుకు తీసినానో మాత్రం అడక్కండి.”

“అడక్కపోతే రేపు బజారులో ఏమనుకుంటారో మీకు నాకంటే బాగా తెలుసు. చిల్లకూరు పిల్లోడే తీసినాడు, పెద్దాయన జాలిపడి నెత్తినేసుకున్నాడు అంటారు. మీ మీద ఈ ఊరికి అంత గౌరవం. వాడి ఎంక్వయిరీకి వచ్చే పోలీసు ఆ మాటే వింటాడు.”

కామాక్షయ్య పడవని తిరగేసి అడుగు భాగం అందరికీ చూపించాడు. తెల్లటి పూత పోయి, పసుపు రంగు బయటపడి ఉంది, అంచుల్లో పచ్చటి చిలుం.

“ఇత్తడి,” అన్నాడు. “నెల కిందట తుడుస్తుంటే బయటపడింది. ఆ నిపుణుణ్ణి అప్పటికే నేనే రమ్మన్నా. వచ్చి నలుగురిలో ఈ మాట అంటాడు. తాలూకా పోయింది, కోర్టు పోయింది, రైలు రానే లేదు. మాకు వెండి పడవ ఉందని ఈ ఊరు చెప్పుకుంటా ఉంది. ఆ ఒక్కటీ నా కళ్ళ ముందు పోకూడదనుకున్నా. ఎవరో దొంగలు ఎత్తుకుపోయినారంటారు, వెండి మాట మిగులుద్దనుకున్నా. ఈ అబ్బాయి మీద పడుతుందని అనుకోలేదు. పడినాక నోరు రాలేదు.”

తెల్ల గుడ్డ మీద మరక ఏమిటో సుధాకర్‌కి అప్పుడు బుర్రకెక్కింది. వెండికి నలుపు పడుతుంది గాని పచ్చ పడదు. అతను కరుణాకుమారి వైపు చూశాడు. ఆమె పెద్దాయన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం కన్నా అభిమానమే ఎక్కువ కనిపించింది సుధాకర్‌కి.

మొదట మాట్లాడింది ముత్యాలయ్య. గుమ్మం అవతలినించే అన్నాడు.

“ఎండి ఇస్తారని మా తాతలు పడవలేసుకోని రాలేదయ్యా. ఇల్లూ వాకిలీ మునిగిపోయిన ఊరోళ్ళ కాడ ఎండి యాడుంటాది? ఇంట్లో నీళ్ళు తాగే బిందెలు కరగబోసి ఇచ్చుంటారు. అంతకంటే ఏం కావాల?”

కామాక్షయ్య అటు తిరిగి చేతులు జోడించాడు. ప్రేమలీల టీచరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇదంతా చూసి అక్కడున్నవాళ్ళందరూ మెత్తబడిపోయారు గాని ఫ్లోరా మెత్తబడలేదు. పొద్దున్నించి ఏడ్చిన మనిషి ఇప్పుడు పొడి కళ్ళతో లేచి నిలబడింది.

“మా తమ్ముడు దొంగ అని మీరనలేదు సార్. కాదని కూడా అనలేదు. నిన్నంతా అనలేదు, రాత్రంతా అనలేదు. మీ ఊరికి ఇంత మంచి పేరుండాది. వాడికి ఉండేది ఆ పేరొక్కటే.”

బెన్హర్ అక్క చెయ్యి పట్టి లాగాడు. కామాక్షయ్య మాత్రం తల దించుకుని చివరిదాకా విన్నాడు. ఎస్సై కేసు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఒక్క ముక్క రాసిస్తే చాలు, మీ హోదాకి తగ్గట్టు నేను చూసుకుంటానని గొణిగాడు.

“చాలదు,” అన్నాడు కామాక్షయ్య. పడవని చంకలో పెట్టుకున్నాడు. “బాబూ, నువ్వు నాతో రా. బజారు చివరిదాకా పోదాం.”

చర్చి పక్క కొట్టుతో మొదలుపెట్టారు. అది బియ్యం అంగడి. ఆయన మెట్టెక్కలేదు. వీధిలోనే నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాడు. ఈ అబ్బాయి తియ్యలేదు, నేను తీసినా. ఇది వెండి కాదు, ఇత్తడి, అది దాచాలని తీసినా. తప్పు నాది. బియ్యం కొట్టాయన కంగారుపడి కుర్చీ తెచ్చాడు. కూర్చోలేదు. పక్కన బట్టల కొట్టు. అక్కడా అదే మాట, ఒక్క ముక్క తగ్గించకుండా. తర్వాత మంగలి షాపు, వలలమ్మే కొట్టు, ఎరువుల డిపో. మొదట్లో మాట మెల్లగా వచ్చింది. పోనుపోను గట్టిపడింది. బెన్హర్ రెండుసార్లు చాలు సార్ అన్నాడు, ఆయన వినలేదు. కాసేపటికి బెన్హరే ఆ పడవని అందుకుని మోశాడు. అప్పుడు ఫ్లోరా వాళ్ళ పక్కకి వచ్చి నడవసాగింది.

కరుణాకుమారీ సుధాకరూ వెనక నడిచారు. నలభై కొట్ల ముందు తల వంచుకోవడం తనవల్ల అవుతుందా అని సుధాకర్ తనని తాను ప్రశ్నించుకున్నాడు. కాదనే అనిపించింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. ప్రతి కొట్టువాడూ చేస్తున్న పని ఆపి, లేచి నిలబడి విన్నాడు.

చివరిది సమాధానం టీ కొట్టు. అప్పటికి పెద్దాయన బాగా అలిసిపోయాడు. స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. సమాధానం పొయ్యి మీది పాలు దించి, భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“కబురు మీకంటే ముందే వచ్చింది సార్. అయినా చెప్పండి, ఇంటాం.”